పాపం కాలానిది కాదు

"ఆ కాలం అలాంటిదండీ!" మూకీ వెస్టర్న్‌ల గురించి నోరెత్తితే చాలు, సినిమా పండితులు చదివే దండకం ఇదే. తెల్లవాడు మొహానికి రంగు పూసుకుని అమెరికా మూలవాసి వేషం కట్టాడా? ఆ కాలం అలాంటిది. మెక్సికన్ అంటే వెన్నుపోటుగాడేనా? ఆ కాలం అలాంటిది. కాలానికి నోరు లేదు కదా, ఎవడి పాపం వాడు దాని నెత్తిన రుద్దేస్తున్నాడు.

పచ్చి అబద్ధం. రుజువులు కావాలా? తీసుకోండి.

1914లో హాలీవుడ్‌లో తీసిన తొలి పూర్తినిడివి చిత్రాల్లో ఒకటి 'ద స్క్వా మ్యాన్'. అందులో మూలవాసి నాయికగా వేసింది నెబ్రాస్కాలోని విన్నెబాగో తెగకు కేటాయించిన రిజర్వేషన్ ప్రాంతంలో పుట్టిన లిలియన్ సెయింట్ సిర్, తెరపేరు రెడ్ వింగ్. అదే కథను సెసిల్ బి. డెమిల్ 1918లో మళ్లీ తీశాడు. ఈసారి ఆ పాత్రకు తెల్ల నటి ఆన్ లిటిల్. 1931లో మూడోసారీ తీశాడు. ఈసారి మెక్సికో నటి లూపే వేలెజ్. రెడ్ వింగ్ ఏమైనా చచ్చిపోయిందా? 1974 దాకా బతికింది! కాలం ముందుకే నడిచింది స్వామీ, వెనక్కి నడిచింది డెమిల్.

కథ సంగతీ అంతే. తెల్లవాణ్ణి కట్టుకున్న పాపానికి ఆ పిల్ల చివర్లో ప్రాణం తీసుకోవాలి, ప్రేక్షకులు రుమాళ్లు తడుపుకోవాలి. అంతకు నాలుగేళ్ల ముందే, 1910లో, రెడ్ వింగ్ భర్త జేమ్స్ యంగ్ డీర్ 'వైట్ ఫాన్స్ డివోషన్' తీశాడు. అందులోనూ తెల్ల మొగుడే, మూలవాసి పెళ్లామే. ఆమె కూడా కత్తితో పొడుచుకుంటుంది. కానీ చావదు. మొగుడూ పెళ్లాం కలిసే ఉంటారు. దారి తెలియక కాదు, తెలిసిన దారిని పూడ్చేశారు.

ఇక కన్నీటి వ్యాపారం. 1924లో మూలవాసులందరినీ పౌరులుగా ఒప్పుకున్న అమెరికా, మరుసటేడే 'ద వానిషింగ్ అమెరికన్' తీసి, అయ్యో అంతరించిపోతున్నారే అని గుండెలు బాదుకుంది. నవాజో తెగ గోడు, నవాజోల నేల మీదే షూటింగు. మరి నాయకుడు? రిచర్డ్ డిక్స్ అనే తెల్లవాడు. అసలు నవాజోలు వెనక గుంపులో. 1929లో 'రెడ్‌స్కిన్' తీశారు, నవాజో కుర్రాడి పాత్రకు మళ్లీ ఆయనే దొరికాడు!

"అప్పట్లో ఎవరికీ తప్పనిపించలేదు" అంటారా? 1922లో మెక్సికో ప్రభుత్వానికి అనిపించింది. తమవాళ్లను నీచంగా చూపే కంపెనీల సినిమాలను దేశంలోకే రానివ్వలేదు. కలెక్షన్లకు గండి పడుతుందనగానే హాలీవుడ్‌కు మర్యాద గుర్తొచ్చింది. రిజర్వేషన్లలో మగ్గేవాళ్ల చేతిలో అలాంటి మార్కెట్ లేదు, అంతే తేడా.

అసలు మూలవాసులతోనే సినిమా తీయడం కుదరదంటారా? 1920లో ఓక్లహామాలోని విచిటా కొండల్లో 'ద డాటర్ ఆఫ్ డాన్' తీశారు. దర్శకుడు తెల్లవాడే, దాచను. తెర మీద మాత్రం మూడువందల మంది దాకా కయోవా, కొమాంచీ తెగలవాళ్లే. సొంత బట్టలు, సొంత గుడారాలు. కొమాంచీ నాయకుడు క్వానా పార్కర్ కొడుకు వైట్ పార్కర్ హీరో. ఒకమ్మాయి, ఇద్దరబ్బాయిలు, కొండ అంచు నుంచి దూకే పరీక్ష. మన మాస్ సినిమాకేం తీసిపోయింది?

కౌబాయ్ అంటే తెల్లవాడేనని ఫిక్సైపోయిన మహానుభావులారా, బిల్ పికెట్ పేరు విన్నారా? గుర్రం మీంచి పరుగెత్తే కోడె మీదకు దూకి, కొమ్ములు మెలిపెట్టి, దాని పెదవిని పళ్లతో కరిచి నేలకూల్చిన నల్లవాడు. 1920ల తొలినాళ్లలో రిచర్డ్ నార్మన్ అతన్ని పెట్టి, ఓక్లహామాలో నల్లవాళ్ల ఊరైన బోలీలో 'ద బుల్ డాగర్' తీశాడు. ఇప్పుడు మిగిలినవి తునకలే.

మనమేం తక్కువ తిన్నామా? 1971లో కృష్ణగారి 'మోసగాళ్లకు మోసగాడు'తో కౌబాయ్ టోపీ తెచ్చుకున్నాం, తుపాకీ తెచ్చుకున్నాం, పికెట్‌ని మాత్రం అక్కడే వదిలేశాం. ఆయన అభిమానులకు కోపమొచ్చిందా? తిట్టండి, పడతాను. కాకపోతే ముందు 'డాటర్ ఆఫ్ డాన్' చూసొచ్చి తిట్టండి.