బిల్లు మీద అక్షరాలు చెరిగిపోకముందే

వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిషనర్ గారికి,

మా అమ్మ కొన్న ఫ్రిజ్ ఎనిమిది నెలలకే మూలన పడింది. దుకాణం వాళ్లు తిప్పి తిప్పి చేతులెత్తేశారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని బీరువాలోంచి బిల్లు తీస్తే తెల్లకాగితం చేతికొచ్చింది. థర్మల్ కాగితం మరి. భద్రంగా ఉంటుందని అమ్మ ప్లాస్టిక్ కవర్లో పెట్టింది; ఆ కవరు వల్లే అక్షరాలు ఇంకా తొందరగా పోతాయని తర్వాత తెలిసింది. కిటికీ వెలుగులో పట్టుకు చూస్తే తేదీలో రెండంకెలు మాత్రం లీలగా కనిపించాయి. చివరికి బ్యాంకు స్టేట్‌మెంటు, వారంటీ కార్డు మీది ముద్ర ఆదుకున్నాయి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం మంచిది. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. కానీ కాగితాలు ఎలా సిద్ధం చేసుకోవాలో మాకు తెలుగులో చెప్పినవాళ్లు లేరు. ‘కంప్రెసర్ పోయిందమ్మా’ అని మెకానిక్ పెట్టిన వాట్సాప్ మెసేజే మాకున్న గట్టి సాక్ష్యం. దాని ప్రింటు కమిషన్‌కు తీసుకెళ్తే, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఏదన్నారు. ఆ పేరు వినడమే మొదటిసారి. అమ్మ మోకాళ్ల నొప్పులతో మళ్లీ బస్సెక్కింది.

ప్రతి జిల్లా కమిషన్ గుమ్మం దగ్గర, నింపి చూపిన ఫిర్యాదు నమూనా, ఆ సర్టిఫికెట్ నమూనా తెలుగులో పెట్టించండి. బిల్లును కొన్నరోజే జిరాక్స్ తీయించుకోమని దుకాణాల కౌంటర్ల దగ్గర రాయించండి.

ఇట్లు,
ఒక వినియోగదారుడు