పసితలలకు తగులు దెబ్బలు

బిడ్డ క్రిందపడి తల కొట్టుకొన్నప్పుడు మన యిండ్లలో మొట్టమొదట చూచునది నెత్తురు. నెత్తురు కారకున్న సగము భయము తీరును. బొప్పి కట్టినచో తడిగుడ్డ యద్ది, తగిలిన గడపను రెండు దెబ్బలు కొట్టి బిడ్డ యేడ్పు మాన్పుదురు. మఱునాటికి ఆ సంగతి యెవ్వరికిని జ్ఞాపకముండదు. ఈ వాడుకలోని ప్రేమను మేము తక్కువ చేయుట లేదు. కాని నెత్తురును, బొప్పియు పుఱ్ఱెకు వెలుపలి సంగతులు. లోపల జరుగునది వేఱు. దానికి కంటికి కనబడు గుర్తుండదు.

మెదడు పుఱ్ఱెలో ద్రవమునందు తేలియాడుచుండు మెత్తని పదార్థము. తల హఠాత్తుగా ఆగినను, గిఱ్ఱున తిరిగినను మెదడు ఆ వేగమునకు కదలి మెలిపడును. నాడీకణములనుండి సాగు సన్నని తంతువులు లాగబడును. వైద్యులు కన్‌కషన్ అనునది ఇదియే. మెదడదురు అని మనము తెలుగున చెప్పుకొనవచ్చును. 2001లో గీజా, హోవ్డా అను అమెరికా శాస్త్రజ్ఞులు దీని అంతర్వ్యాపారమును వివరించిరి. కణములలోని పొటాసియము వెలుపలికి పోవును. కాల్షియము లోనికి జొరబడును. ఆ తాఱుమాఱును సరిదిద్దుకొనుటకు కణములు మామూలుకన్న ఎక్కువ గ్లూకోజు కోరును. సరిగా ఆ సమయముననే రక్తప్రసారము తగ్గును. ఇంట ఆకలి హెచ్చిననాడే గాదె వట్టిపోయినట్లన్నమాట!

ఇంత జరిగినను పెక్కుమంది బిడ్డలకు స్మృతి తప్పదు. సీ.టీ. స్కానులో ఏమియు కనబడదు. "స్కానులో ఏమియు లేదు" అను వైద్యుని మాటను "బిడ్డకు ఏమియు కాలేదు" అని తండ్రి యర్థము చేసికొనును. స్కాను వెదకునది రక్తస్రావమును, ఎముక విఱుగుటను. కణముల బడలిక దానికి గోచరింపదు. కావుననే తలకు దెబ్బ తగిలిన ప్రతి బిడ్డకును స్కాను తీయింపవలదనియు, లక్షణములను చూచి నిర్ణయింపవలెననియు 2018లో అమెరికా ప్రజారోగ్యసంస్థ వైద్యులకు సూచించినది. మన పట్టణములలో స్కాను తీయించుటయే వైద్యమనుకొను పిచ్చి యొకటి ప్రబలినది. అది వేఱొక నాటి విషయము.

"లేతమెదడు, త్వరగా కోలుకొనును" అను మాట చదువుకొన్నవారి నోటను వినవచ్చుచున్నది. దీనికి మూలము లేకపోలేదు. 1930 దశకమున మార్గరెట్ కెన్నార్డ్ అను అమెరికా విదుషి కోతులపై పరిశోధించి, పసినాట మెదడు గాయపడిన కోతులకు అవయవముల కదలిక మేలుగా నిలుచుట చూచినది. ఆ పరిశీలనమునే మనుష్యశిశువుల బుద్ధికిని అన్వయించి లోకము నిశ్చింతగా నుండెను. 1940 దశకముననే డోనల్డ్ హెబ్ దీనికి ఎదురు చెప్పెను. పిదప మెల్బోర్న్ నగరమున విక్కీ ఆండర్సన్ మొదలగువారు జరిపిన పరిశోధనములలో, తీవ్రమైన గాయములు పొందిన బాలురలో మిక్కిలి చిన్నవయసున గాయపడినవారే హెచ్చుగా వెనుకబడినట్లు తేలినది. ఆలోచించిన ఇందు వింత లేదు. పెద్దవాడు నేర్చినదానిని పోగొట్టుకొనును. పసివాడు నేర్వవలసిన శక్తినే పోగొట్టుకొనును. రెండేండ్ల ప్రాయమునకు మెదడు పరిమాణమున పెద్దవారి మెదడులో ఇంచుమించు 80 శాతమగును గాని, నిగ్రహము, యోచన, ముందుచూపు వీనికి ఆధారమైన ముందుభాగము ఇరువదియేండ్లు దాటినను పరిపక్వమగుచునే యుండును. మూడవయేట తగిలిన దెబ్బకు ఫలితము పదవయేట లెక్కలపుస్తకము ముందు బయటపడవచ్చును. అప్పుడు ఆ దెబ్బను తలచుకొనువారెవ్వరు?

తల్లులను బెదరించుట మా యుద్దేశము కాదు. మెదడదురు పొందిన బిడ్డలలో ఎక్కువమంది కొలదివారములలో స్వస్థులగుదురు. కెనడా దేశపు ఆసుపత్రులలో 3,063 మంది పిల్లలను చేర్చుకొని చేసిన పరిశోధనము 2016లో వెలువడినది. 28 దినములు గడచినను కడవఱకు పరిశీలింపబడినవారిలో 31 శాతమునకు లక్షణములు తొలగలేదు. ముగ్గురిలో ఒకరన్నమాట, ఇది చిన్నసంఖ్య కాదు. ఐదేండ్లలోపువారి సంగతి మఱియు చిక్కైనది. మాంట్రియల్ పరిశోధకులు ఈ వయసువారిలో స్వల్పమైన దెబ్బ తిన్నవారిని ఆఱు నెలల పిదప పరీక్షించి, ఎదుటివారి మనసులో ఏమున్నదో ఊహించు శక్తియందు వారు వెనుకబడుట కనుగొనిరి. ఈడువారితో ఆడుకొనుటకు ఆ శక్తియే మూలము. ఇంతటి పసివాడు "తల తిరుగుచున్నది" అని చెప్పజాలడు. ఊరక యేడ్చును, తిండి మానును, నిద్ర చెడును, వచ్చిన మాటలు మఱచును, మానుకొన్న పక్కతడుపుట మఱల మొదలిడును. మొండితనమని మనము కసరుదుము.

బడిలో ఈ కసరు చేతికి దిగును. దెబ్బ తిన్న మెదడు త్వరగా అలయును, పాఠము నిలువదు, వెలుతురు, సద్దు బాధించును. ఉపాధ్యాయునికి ఇది సోమరితనముగా తోచును. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను శారీరకదండనమును నిషేధించినను, లెంపకాయయు, గోడకు తల తాటించుటయు మన బడులనుండి తొలగలేదు. ప్రతి మొట్టికాయయు మెదడదురు కలిగించునని మేమనము. కాని మొదటి దెబ్బనుండి తేరుకొనని తలకు రెండవ దెబ్బ మిక్కిలి ప్రమాదకరము. ఆ తల యేదో గురువునకు తెలియదు. కావున ఏ తలపైనను చేయి పడరాదు.

ఇక త్రోవలు. తండ్రి తలకు శిరస్త్రాణము, ముందు పెట్రోలుట్యాంకుపై బిడ్డ ఉత్తతలతో, వెనుక తల్లి యొడిలో మఱొక పసిగుడ్డు. ఈ దృశ్యము గుంటూరులోను కలదు, కరీంనగరములోను కలదు. నాలుగేండ్లలోపు బిడ్డను ద్విచక్రవాహనముపై కొనిపోవువారు బిడ్డకు శిరస్త్రాణమును, రక్షణపట్టీని తొడుగవలెననియు, గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు కేంద్రప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో నిబంధన గావించి ఏడాది గడువిచ్చినది. శిరస్త్రాణము మెదడదురును పూర్తిగా ఆపజాలదు. పుఱ్ఱెను కాచును, గాయముయొక్క తీవ్రతను తగ్గించును. ఆ 2022లోనే శిరస్త్రాణము లేక దేశమున 50,029 మంది మరణించినట్లు ప్రభుత్వపు లెక్క. నిబంధన కాగితముపై నున్నది. దొరలనాడు శాసనము మనది కాదని తప్పించుకొంటిమి. ఇది మన ప్రతినిధుల శాసనమే, మన బిడ్డల తలలే. ఇప్పుడెవ్వరిని నిందింతుము?

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రము 2009లో ఒక చట్టము చేసినది. ఆటలో మెదడదురు కలిగెనని అనుమానమున్న బాలుని వెంటనే తప్పింపవలెను. వైద్యుడు వ్రాసియిచ్చువఱకు మఱల దింపరాదు. 2014 నాటికి అచటి అన్ని రాష్ట్రములును ఇట్టి చట్టములు చేసికొన్నవి. అచట స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ పద్ధతి సుపరిచితము. అన్నగారి బిడ్డకు అచట దొరకు ఈ రక్షణ, తమ్ముని బిడ్డకు ఇచట కబడ్డీబరిలో దొరకదు. దుమ్ము దులిపి మఱల కూతకు పంపుదురు.

దీనికి కోట్లు ఖర్చు కానక్కఱలేదు. మెల్బోర్న్‌లో తలిదండ్రులకు ఒక చిన్న పుస్తకమిచ్చి లక్షణములను వివరించినంతమాత్రముననే మూడు నెలల పిదప బిడ్డల బాధలు తగ్గియుండుట 2001లో వెలువడిన పరిశోధనమున కనబడినది. మాటిమాటికి వాంతులు, మూర్ఛ, లేపినను లేవని మత్తు, హెచ్చుచున్న తలనొప్పి యున్న తత్‌క్షణము ఆసుపత్రికి. లేనిచో ఒకటి రెండు దినములు విశ్రాంతి, పిదప క్రమముగా చదువు, అన్ని లక్షణములు పోయిన పిమ్మటనే ఆట. ఇంతమాత్రము తేటతెలుగున ఒక కాగితముపై అచ్చువేసి అంగన్‌వాడీలకును, ఆశా కార్యకర్తలకును, బడులకును పంపలేరా? రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము క్రింద బడులకు వచ్చు వైద్యబృందములు ప్రతి బాలుని "తలకు ఎప్పుడైన దెబ్బ తగిలినదా?" అని అడిగి కార్డుపై వ్రాయునట్లు ఉత్తరువు చేయలేరా? రెండు తెలుగు ప్రభుత్వములును జూన్ నెలలో బడులు తెఱచునాటికి ఈ రెండు పనులను ముగింపవలెనని కోరుచున్నాము.