ఇనప హీరోలకు వేషాలెవరిస్తారు?

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, కాస్త నడుం వాలుద్దామనుకుంటున్న వేళకి మా అక్క కొడుకు వూడిపడ్డాడు. ఇంటర్ రెండో సంవత్సరం. చదువు సంగతి మాత్రం అడక్కండి! చంకలో డ్రాయింగు పుస్తకం, మొహంలో మొదటి రోజు మొదటి ఆట టిక్కెట్టు దొరికినంత వెలుగు.

"మావయ్యా, యిది చూడు! ఆన్‌లైన్ ఆటలో పెట్టమని కంపెనీ వాళ్ళకి పంపిస్తున్నా."

చూశాను. రోబో! తాటిచెట్టంత వుంటుందట. చేతులుండాల్సిన చోట రెండు ఫిరంగులు. కుడి భుజం మీద క్షిపణుల పెట్టె. మనిషిలాగా నిటారుగా నిలబడి "రారా చూసుకుందాం" అన్నట్లుంది. బాగుంది. బాగుండటమే చిక్కొచ్చింది.

"ఒరే, యీ బొమ్మని నేనెక్కడో చూశానే!"

వాడు నీళ్ళు నమిలాడు. తల గోక్కున్నాడు. చివరికి, "కాళ్ళు మాత్రం నావే మావయ్యా!" అన్నాడు.

పాఠక మిత్రులారా! యీ ఒక్క మాట వెనక నలభై యేళ్ళ కథ వుంది. అందులో హీరోలున్నారు, నిర్మాతలున్నారు, రైట్సు గొడవలున్నాయి, కోర్టు సీను కూడా వుంది. మనకింకేం కావాలి? వాడికి చెప్పిన కథే మీకూ చెబుతున్నాను.

నలుగురు హీరోల మల్టీస్టారర్

'మెక్‌వారియర్ ఆన్‌లైన్' అని ఒక ఆట వుంది. కెనడాలోని పిరానా గేమ్స్ అనే సంస్థ తీసింది. 2012లో అందరికీ తలుపులు తెరిచింది, 2013 సెప్టెంబరులో అధికారికంగా విడుదలయింది. ముప్పై ఒకటో శతాబ్దంలో మనుషులు పెద్ద పెద్ద రోబోల్లో కూర్చుని కొట్టుకుంటారు. అటు పన్నెండు మంది, యిటు పన్నెండు మంది. రోబోల బరువు యిరవై టన్నుల నించి వంద టన్నుల దాకా.

ఆట ఆడటం ఉచితం. మరి నిర్మాతకి డబ్బెలా? కొత్త రోబోలే టిక్కెట్లు! కొత్త రోబో వచ్చినప్పుడల్లా ముందు అసలు డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కొన్నాళ్ళు ఓపిక పడితే ఆటలో సంపాదించిన ఉత్తుత్తి డబ్బుతో దొరుకుతుంది. అంటే మొదటి వారం బాల్కనీ రేటు, తర్వాత నేల క్లాసు! కాబట్టి "యీసారి యే రోబోని దింపుదాం?" అన్నది ఆ ఆఫీసులో బొమ్మలేసేవాళ్ళ ముచ్చట మాత్రమే కాదు, జీతాల సంగతి కూడాను.

మొదట్లో అభిమానుల చేత ముందస్తుగా డబ్బు కట్టించుకున్నప్పుడు నాలుగు రోబోల్ని ముందుకు తెచ్చారు. జెన్నర్ ముప్పై అయిదు టన్నులు. హంచ్‌బ్యాక్ యాభై. కేటపల్ట్ అరవై అయిదు. అట్లాస్ వంద. చూశారా తెలివి! పరిగెత్తే చిన్నవాడొకడు, మధ్యరకం వాడొకడు, బరువైనవాడొకడు, కపాలంలాంటి మొహంతో భయపెట్టే మహాకాయుడొకడు. ఒక్కో బరువు తరగతి నించి ఒక్కో హీరో. ఏ అభిమానినీ వూరికే వెనక్కి పంపకుండా వేసిన పంపకం అది.

ముక్కు పొడుగైతే వేషం కష్టం

బొమ్మ అందంగా వుంటే సరిపోతుందనుకుంటున్నారా? అక్కడే వుంది మెలిక. సినిమాలో హీరో ఎటు తిరిగినా కెమేరా వాణ్ణి కాపాడుతుంది. ఆటలో ఎటు తిరిగినా అవతలివాడు కాలుస్తాడు!

ఆ ఆటలో రోబో వొంటిని ఎనిమిది భాగాలుగా పంచారు. తల, రెండు చేతులు, రెండు కాళ్ళు, ఛాతీలో ఎడమ, నడుమ, కుడి. నడుమ భాగం పోయిందా, కథ కంచికి! అందుచేత బొమ్మ వేసేవాడు గీసే ప్రతి గీతా ఎవడో ఒకడికి గురిపెట్టే చోటవుతుంది. డ్రాగన్ అనే రోబోకి ఛాతీ ముక్కులాగా ముందుకు పొడుచుకొచ్చింది. కాగితం మీద ఎంతో ఠీవి. మైదానంలో మాత్రం పక్కనించి కాల్చినా ఆ ముక్కుకే తగిలేది! ఆసమ్ అనేదానికి పేరు గొప్ప, ఛాతీ తలుపంత వెడల్పు. ఇక హంచ్‌బ్యాక్ సంగతి సరేసరి. వాడి బలమంతా కుడి భుజం మీది గూనిలో వున్న పెద్ద తుపాకీ. ఆ సంగతి శత్రువుకీ తెలుసు. ముందు గూని మీదే కొడతాడు.

ఇంకోటి, తుపాకీలు ఎంత ఎత్తున వున్నాయన్నది. నడుం దగ్గర తుపాకీ వున్నవాడు గుట్ట చాటునించి కాల్చాలంటే సగం వొళ్ళు బయట పెట్టాలి. భుజం దగ్గర వున్నవాడు తలకాయ మాత్రం పైకెత్తి కాల్చి దాక్కుంటాడు. బొమ్మలో అది జానెడు తేడా. మైదానంలో చావుబతుకుల తేడా!

ఆ ఆటకి రోబోల రూపాలు గీసిన చిత్రకారుడు అలెక్స్ ఇగ్లేసియాస్. పాత పుస్తకాల్లో ఒక్కో చిత్రకారుడు ఒక్కో తీరున వేసిన బొమ్మల్ని తీసుకుని, అన్నీ ఒకే ఫ్యాక్టరీలో తయారైన యుద్ధయంత్రాల్లాగా కనిపించేట్టు తిరిగి గీశాడు. నన్నడిగితే అది మేకప్‌మన్ పనీ, కాస్ట్యూమ్ డిజైనర్ పనీ కలిపి చెయ్యడమే.

చెత్తడబ్బా మహరాజు

అభిమానుల మాట చెల్లుతుందా అంటే, చెల్లుతుంది. అర్బన్‌మెక్ అని ఒకడున్నాడు. ముప్పై టన్నులు. అచ్చం వీధి మలుపులో పెట్టే చెత్తడబ్బాలాగా వుంటాడు. 1980లలో బల్ల మీద పాచికలతో ఆడిన అసలు ఆటలో వాడి వేగం గంటకి సుమారు ముప్పై రెండు కిలోమీటర్లు! మన సిటీ బస్సు దాటుకుపోతుంది. తీసే నిర్మాత ఎవరండీ?

అయినా అభిమానులు వదల్లేదు. వాడు కావాలి, వాడే కావాలని యేళ్ళ తరబడి గోల పెట్టారు. సగం పరిహాసం, సగం ప్రేమ. చివరికి 2015లో వాణ్ణి దింపారు. హీరోలందరి మధ్యా ఆ చెత్తడబ్బా గునగునా నడిచొస్తే జనం యీలలేశారు. కమెడియన్‌ని చూసి కూడా టిక్కెట్లు తెగుతాయన్న సంగతి మనవాళ్ళకి కొత్తగా చెప్పాలా!

అయితే జనం అంతకంటే ఎక్కువగా అడిగినవాళ్ళు యింకొందరున్నారు. వాళ్ళని మాత్రం కంపెనీ చాలాకాలం దింపలేకపోయింది. బొమ్మలున్నాయి, అభిమానులున్నారు, డబ్బూ వస్తుంది. అయినా దింపలేదు. ఎందుకని?

రైట్సు ఎవరివి?

ఇక్కడ ఫ్లాష్‌బ్యాక్. 1984. అమెరికాలో షికాగో. ఫాసా అనే చిన్న సంస్థ 'బేటిల్‌డ్రాయిడ్స్' అనే బల్లమీది ఆట విడుదల చేసింది. జార్డన్ వైజ్‌మన్, ఆయన మిత్రుడు రాస్ బాబ్‌కాక్ కలిసి పెట్టిన సంస్థ అది. ముందు పేరు దగ్గరే దెబ్బ! 'డ్రాయిడ్' మాట మాదంటూ 'స్టార్ వార్స్' తీసిన లూకాస్‌ఫిల్మ్ అడ్డం పడింది. మరుసటి యేడాది ఆట 'బేటిల్‌టెక్' అయింది.

పేరు మార్చుకున్నారు సరే. బొమ్మలో? అవి జపాన్ నించి వచ్చినవి. 1982లో అక్కడ టీవీలో వచ్చిన 'మాక్రోస్', అంతకుముందే మొదలైన 'డౌగ్రామ్' వంటి కార్టూన్లలోని రోబోల రూపాలు. ఫాసా వాటిని దొంగిలించలేదు. ఒక దిగుమతి వ్యాపారి దగ్గర డబ్బిచ్చి అనుమతి తీసుకుంది. మాక్రోస్‌లో 'టమహాక్' అన్నది యిక్కడ 'వార్‌హామర్' అయింది. 'గ్లాగ్' అనే శత్రు యంత్రం 'మరాడర్' అయింది. 'డిఫెండర్' 'రైఫిల్‌మన్' అయింది. 'స్పార్టన్' 'ఆర్చర్' అయింది.

అదే మాక్రోస్‌ని హార్మొనీ గోల్డ్ అనే అమెరికా సంస్థ కూడా కొనుక్కుంది. అమెరికా టీవీలో రోజూ వెయ్యాలంటే అరవై అయిదు భాగాలైనా వుండాలి. మాక్రోస్‌కి వున్నవి ముప్పై ఆరు. ఏం చేశారో తెలుసా? సంబంధం లేని మూడు జపాన్ సీరియళ్ళని కత్తిరించి, అతికించి, కొత్త మాటలు పలికించి, ఎనభై అయిదు భాగాల 'రోబోటెక్' చేసి 1985లో వదిలారు! డబ్బింగు సినిమాలెరిగిన మనకే నోరు తెరుచుకునే పని.

ఇంకేముంది! ఒకే బొమ్మకి యిద్దరు కొనుగోలుదారులు. ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి. ఒకే సినిమా రీమేక్ హక్కులు యిద్దరు నిర్మాతలకి అమ్మితే యేమవుతుందో మన ఫిలిం చాంబర్ మెట్లెక్కిన ఎవర్నడిగినా చెబుతారు.

కొన్నేళ్ళు గొడవ లేకుండా గడిచింది. 1990ల మధ్యలో ఫాసాయే ఒక బొమ్మల కంపెనీ మీద కేసు వేసింది, మా రోబోని కాపీ కొట్టారంటూ. ఆ గొడవ తిరిగి తిరిగి హార్మొనీ గోల్డ్ చేతిలో ఫాసా మీదే కేసయి కూర్చుంది. 1996లో రాజీ. ఆనాటినించి ఫాసా ఆ రూపాల్ని తన పుస్తకాల్లోంచి తీసేసింది. కథలో వాటి పేర్లున్నాయి, బరువులున్నాయి, తుపాకీలున్నాయి. బొమ్మ మాత్రం లేదు! అభిమానులు వాటికి పెట్టిన పేరు 'అన్‌సీన్', కనపడనివాళ్ళు. పోస్టర్ మీద పేరుండి, తెర మీద మొహం లేని హీరోలన్నమాట.

2009లో కొత్త మెక్‌వారియర్ ఆట వస్తోందంటూ ట్రైలర్ వదిలారు. అందులో వార్‌హామర్ కనిపించేసరికి అభిమానులు పండగ చేసుకున్నారు. వెంటనే హార్మొనీ గోల్డ్ అభ్యంతరం చెప్పింది. పండగ అయిపోయింది.

కొత్త మొహంతో పాత హీరో

అప్పుడు కంపెనీ ముందు మూడు దార్లు. ఆ రోబోల్ని మరిచిపోవడం ఒకటి. పాత బొమ్మనే పెట్టి కోర్టుకెక్కడం రెండోది. మూడోది అన్నిటికన్నా కష్టం. పేరు, బరువు, నడక, తుపాకీల తీరు అన్నీ వుంచి, రూపాన్ని మాత్రం మొదటి గీతనించి సొంతంగా గీయడం. చూసినవాడు "అరె, మనవాడే!" అనాలి. లాయరు మాత్రం "యిది వేరు" అనాలి!

ముందు 2013లో షాడో హాక్ లాంటి డౌగ్రామ్ సంతతి వాళ్ళని కొత్త రూపాల్లో దింపి చూశారు. తర్వాత 2015లో గుండె చిక్కబట్టుకుని మరాడర్, వార్‌హామర్, రైఫిల్‌మన్, ఆర్చర్ వస్తున్నారని ప్రకటించారు. దాదాపు యిరవై యేళ్ళ అజ్ఞాతవాసం ముగిసింది.

ముగిసిందా? 2017లో హార్మొనీ గోల్డ్ అమెరికా కోర్టులో మళ్ళీ కేసు వేసింది. పిరానాతోబాటు, జార్డన్ వైజ్‌మన్ తర్వాత పెట్టిన హేర్‌బ్రెయిన్డ్ స్కీమ్స్ అనే సంస్థని కూడా యీడ్చింది. 2018లో ఆ కేసు ముగిసింది. రోబోలు ఆటలోనే వున్నాయి. 2019లో వైజ్‌మన్ గారి సంస్థ కూడా తన 'బేటిల్‌టెక్' కంప్యూటర్ ఆటలోకి వార్‌హామర్‌నీ, మరాడర్‌నీ తెచ్చుకుంది. 1984లో వాటిని మొదట ఆడించిన మనిషి, ముప్పై అయిదేళ్ళ తర్వాత! ఆపైన 2021లో హార్మొనీ గోల్డ్, జపాన్‌లోని మాక్రోస్ హక్కుదారులు బిగ్‌వెస్ట్ కూడా చేతులు కలిపారు.

ఇంతకీ మావాడి సంగతి

కథ విని మావాడు తన బొమ్మ వంక చూసుకున్నాడు. చేతుల్లో ఫిరంగులు, కుడి భుజం మీద పెట్టె. అది అచ్చంగా వార్‌హామరే! ఎక్కడో చూసి, ఎవరిదో తెలీకుండానే వేశాడు.

"ఎవరికి తెలుస్తుంది మావయ్యా?" అన్నాడు.

ఆ మాటకి నాకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఎందుకో చెప్తాను. పత్రికలకి కొత్తగా రాస్తున్న రోజుల్లో ఒక హిందీ పత్రికలో వచ్చిన తార యింటర్వ్యూ నించి రెండు పేరాలు తెలుగు చేసి, నేనే అడిగి రాబట్టినట్లు వ్యాసంలో కలిపేశాను. అప్పుడు నేనూ అదే అనుకున్నాను, ఎవరికి తెలుస్తుందిలే అని. నిజంగానే ఎవరికీ తెలీలేదు. పారితోషికం కూడా వచ్చింది. రెండేళ్ళ తర్వాత నేను రాత్రిళ్ళు మేలుకుని రాసిన వ్యాసం మరో చోట, మరొకరి పేరుతో అచ్చయింది. పోయి నిలదీద్దామని గుమ్మం దాకా వెళ్ళాను. ఆ రెండు పేరాలూ గుర్తొచ్చి వెనక్కి తిరిగొచ్చాను. ఈ సంగతి యింతవరకూ మా అక్కకి కూడా చెప్పలేదు. ఆ రోజు వాడికి చెప్పాను. యివాళ మీకు చెప్తున్నాను.

వాడేం మాట్లాడలేదు. పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు. అలిగాడనుకున్నాను.

బుధవారం సాయంత్రం మళ్ళీ దిగాడు. కొత్త బొమ్మ! మొన్న కోతలప్పుడు వాళ్ళ తాతగారి వూళ్ళో చూసిన వరికోత మిషన్‌కి కాళ్ళొచ్చి లేచి నిలబడితే యెలా వుంటుందో అలా వుంది. ముందు తిరిగే పళ్ళచక్రం, వెనక ధాన్యం పోసే గొట్టం బదులు ఫిరంగి. గీతలు వంకరగా వున్నాయి. మొదటి బొమ్మంత నీటుగా లేదు. కానీ యిలాంటిది నేనెక్కడా చూడలేదు!

"దీన్నెవరికి పంపుతావురా?" అన్నాను. అడక్కుండా వచ్చిన బొమ్మల్ని చాలా కంపెనీలు విప్పి కూడా చూడవు. రేపు తమ రోబో అలాగే వుంటే కేసు పడుతుందని వాళ్ళ భయం. ఆ మాటా చెప్పాను.

"ఎవరికీ పంపను. ముందు యింకో పది వేస్తాను," అన్నాడు.

నాకు చాలా సంతోషమేసింది. పైకి మాత్రం కనపడనివ్వకుండా పెన్సిలు తీసుకుని, ముందుకు పొడుచుకొచ్చిన ఆ పళ్ళచక్రం మీద ఒక సున్నా చుట్టాను.

"ఒరే, యీ ముక్కు కాస్త తగ్గించు. డ్రాగన్ గాడి గతే పడుతుంది!"