సముద్రతీర విజ్ఞానయాత్ర: ముందుగా వ్రాయవలసిన కాగితం

హిందూపురానికి సముద్రం దూరం. పటం మీద గీత గీసి కొలిస్తే తూర్పున బంగాళాఖాతమూ, పడమట అరేబియా సముద్రమూ ఇంచుమించు మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నాయి. సముద్ర మట్టానికి ఆరు వందల మీటర్లకు పైగా ఎత్తున నిలిచిన ఊరు మనది. ఇటు మేఘమూ అటు మేఘమూ మన దాకా వచ్చేసరికి తమ నీటిని చాలావరకు దారిలోనే దించి వస్తాయి. అందుకే అనంతపురం సీమకు సాలుకు దక్కే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అయినా సముద్రంతో మనకు సంబంధం లేదని అనుకోరాదు. నందికొండలలో పుట్టిన పెన్న మన పొలిమేరల గుండా ఉత్తరానికి నడిచి, తూర్పునకు తిరిగి, గండికోట లోయను దాటి, దాదాపు ఆరు వందల కిలోమీటర్లు ప్రయాణించి నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద కడలిలో కలుస్తుంది. మన ఏరు సముద్రాన్ని చేరుకొన్నది. మన విద్యార్థులలో ఎందరో పట్టా పుచ్చుకొని వెళ్లేనాటికి కూడా చేరుకోలేదు.

వేసవి సమీపించగానే కళాశాలలో విజ్ఞానయాత్ర ప్రస్తావన వస్తుంది. ఎక్కడికని అడిగితే పదిమందిలో ఎనిమిది మంది సముద్రతీరానికనే అంటారు. ఎండలు ముదరక మునుపే వెళ్లి రావాలని కూడా అంటారు. ఈ కోరిక సహజమైనది, మెచ్చదగినది. అక్కడికి పోయి ఏమి చేస్తారని మరో ప్రశ్న వేస్తే మాత్రం జవాబు చిన్నదవుతుంది: “సముద్రం చూస్తాము, స్నానం చేస్తాము, ఫోటోలు తీసుకుంటాము.” ఈ చిన్న జవాబు గురించే నాలుగు మాటలు చెప్పదలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

సాధారణంగా కళాశాలలలో యాత్ర జరిగే తీరు అందరికీ తెలిసినదే. పరీక్షలు ముగియవచ్చే వేళ ఎవరో ఒకరు మాట లేవనెత్తుతారు. వారం పది రోజుల వ్యవధిలో సొమ్ము చెల్లించమని నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలుస్తుంది. చెల్లించగలిగినవారు చెల్లిస్తారు. బస్సు నిండుతుంది, బయలుదేరుతుంది. ఈ పద్ధతిలో ఆ బస్సు ఎక్కనివారెవరో ఒకసారి లెక్క చూడండి. మొదట మిగిలిపోయేది ఆడపిల్లలు. తరువాత మిగిలిపోయేది సెలవులలో పట్టుగూళ్ల మార్కెట్టులోనో, నూలు తీసే రీలింగు కేంద్రాలలోనో, చింతపండు మండీలోనో కూలికి పోయి ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చే కుర్రవాళ్లు. వీరిని వద్దన్నవారెవరూ లేరు. ముందు ఆలోచన లేకపోవడమే వీరిని ఇంటివద్ద నిలిపివేసింది. విజ్ఞానయాత్రకు వ్రాతపూర్వకమైన ప్రణాళిక కావాలని మేము కోరడం దాని అందం కోసం కాదు. ఆ ప్రణాళిక ఉంటేనే వీరు బస్సు ఎక్కగలరని.

“మన పెద్దలు ఆడపిల్లలను పంపరండీ, అది మన ఆచారం” అని తేల్చివేసేవారున్నారు. మేము ఈ మాటను అంగీకరించము. ఇదే తండ్రి తన కుమార్తెను పరీక్ష వ్రాయడానికి అనంతపురం పంపుతున్నాడు. పై చదువుకు బెంగుళూరులో వసతిగృహంలో చేర్పిస్తున్నాడు. అక్కడ వార్డెన్ ఎవరో ఆయనకు తెలుసు, గేటు ఎన్ని గంటలకు మూస్తారో తెలుసు, ఏ సమయాన ఎవరికి ఫోను చేయాలో తెలుసు. యాత్ర సంగతికి వచ్చేసరికి ఆయన చేతికి అందేది ఒక వాక్యం నోటీసు. బస ఎక్కడ? తోడుగా వచ్చే స్త్రీలెవరు? ఏ నాడు ఎన్ని గంటలకు తిరిగి వస్తారు? నీళ్లలోకి దిగుతారా, దిగితే కాపలా ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం లేని కాగితాన్ని చూసి వద్దన్న తండ్రిని సంకుచిత స్వభావుడని అనడం న్యాయం కాదు. అది జాగ్రత్త. ఆయన మనసు మార్చడానికి ఉపన్యాసాలు అవసరం లేదు. మన కాగితం మారితే చాలును.

ఆయన భయం నిరాధారమైనది కూడా కాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది రాళ్ల మీద నిలిచి ఉన్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు, ఎగువన లార్జి జలాశయం నుంచి ఒక్కసారిగా విడిచిన నీటిలో కొట్టుకొనిపోయారు. 24 మంది తిరిగి రాలేదు. వారు వెళ్లినది కూడా వేసవి యాత్రకే. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచిలో అయిదుగురు వైద్య విద్యార్థులను అల తీసుకొనిపోయింది. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో రేగిన అలజడి నుంచి ఉప్పెన వంటి అలలు రాగలవని అంతకు మునుపే హెచ్చరిక వెలువడి ఉన్నది. ఆ రోజు అక్కడ తుఫాను లేదు. ఈ రెండు సంఘటనలనూ చదివి, ఇక యాత్రలే వద్దని నిర్ణయించడం సులభం. కాని యాత్ర మానినంత మాత్రాన యువకులు నీళ్లకు దూరంగా ఉండరు. నలుగురు కలిసి మోటారు సైకిళ్ల మీద చెరువుకో కాలువకో పోతారు. పెద్దలు తోడుండి, నియమాలతో నడిపించే యాత్రయే వారికి నీటి స్వభావాన్ని నేర్పగలదు.

మన చరిత్రలోనే దీనికి చక్కని ఉదాహరణ ఉన్నది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. ఓడ తుఫానుకు చిక్కి దరికి కొట్టుకొని వస్తే, అందులోని సరుకును పూర్వ రాజులు బలవంతంగా లాగుకొనేవారు. తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ పుచ్చుకొనబోనని ఆ చక్రవర్తి రాతి మీద చెక్కించి, సముద్ర వర్తకులకు హామీ ఇచ్చాడు. సముద్రం అప్పుడూ భయంకరమే. శాసనం వేసినంత మాత్రాన తుఫానులు ఆగలేదు. వచ్చేవారికి ఇక్కడ ఏమి జరుగుతుందో, ఏమి జరగదో ముందుగా తెలియజేయడమే ఆ శాసనం చేసిన మేలు. తల్లిదండ్రుల చేతికి మనం ఇవ్వవలసిన కాగితం కూడా అటువంటిదే.

ఇక ఆ కాగితంలో ఏమి ఉండాలో మాకు తోచినంత వరకు మనవి చేస్తాము.

మొదటిది కాలం. వేసవి తొలిరోజులే తగినవి. మే నెల సముద్రం నమ్మదగినది కాదు. 1990 మే నెలలో మన కోస్తాను ముంచిన పెనుతుఫాను వందల ప్రాణాలను బలిగొన్నది. 2010 మేలో లైలా తుఫాను బాపట్ల దగ్గరనే తీరం దాటింది. ఎండ సంగతి చెప్పనక్కరలేదు. పరీక్షల తేదీలు చూసుకొని ఏప్రిల్ మొదటి పక్షంలో వెళ్లగలిగితే మరొక లాభం ఉన్నది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ తేదీకి ముందు పోతే తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు రావడం, చేపల వేలం కళ్లారా చూడవచ్చు. తరువాత పోతే వలలు అల్లడం, పడవలు బాగుచేయడం చూడవచ్చు, ఆ రెండు నెలలు మత్స్యకారుల ఇల్లు ఎలా గడుస్తుందో వారినే అడిగి తెలుసుకోవచ్చు. రెండూ పాఠాలే. ఏ పాఠానికి పోతున్నామో ముందే తెలిసి ఉండాలి.

రెండవది స్థలం. విశాఖపట్నం అందమైనదే గాని మనకు మిక్కిలి దూరం, ఖర్చు కూడా ఎక్కువ. మేము చీరాల తీరాన్ని సూచిస్తున్నాము. మన స్టేషనులో రైలెక్కితే ధర్మవరం, గుంతకల్లు, నంద్యాల మీదుగా గుంటూరు చేరవచ్చు. అక్కడి నుంచి తెనాలి, బాపట్ల దాటితే చీరాల. ఊరికి సమీపంలోనే వాడరేవు ఉన్నది. ఇంకొంత దక్షిణాన చినగంజాం ఉప్పు కొఠారులు, ఆ మండలంలోనే మేము పైన చెప్పిన మోటుపల్లి. ఒక్క బసలో ఉండి మూడు రోజులలో ఇవన్నీ చూడవచ్చు.

మూడవది పని. ప్రతి పూటకూ ఒక పని ఉండాలి. తూర్పు తీరం కాబట్టి సూర్యోదయం నీళ్లలో నుంచే జరుగుతుంది. ఆ దృశ్యానికి అందరూ తెల్లవారకముందే లేవాలి. మొదటి ఉదయమే ఒడ్డున ఒక కర్ర పాతి, నీరు ఎంతవరకు ఎక్కినదో, ఎప్పుడు దిగినదో గంట గంటకు గుర్తు పెట్టండి. ఒక పోటుకూ మరుసటి పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుందని పుస్తకంలో చదివినది కర్ర మీద కనబడుతుంది. సైన్సు విద్యార్థులు లీటరు సముద్రపు నీటిని తెచ్చుకొని మరిగించి ఇంకబెడితే గిన్నె అడుగున సుమారు 35 గ్రాముల ఉప్పులు మిగులుతాయి. ఆ పని చేసిన మరునాడు చినగంజాంలో మడులలో నీరు పారించి, ఎండకు పేరుకొన్న ఉప్పును కుప్ప చేసే కూలీల పాదాలు చూడండి. మన ఇంట ఉప్పు ధర ఎందుకంత తక్కువో వాణిజ్యశాస్త్ర విద్యార్థులు లెక్క వ్రాయవచ్చు. 1930లో ఈ ఉప్పు కోసమే గాంధీజీ ఏప్రిల్ 6న దండిలో చట్టాన్ని ధిక్కరించారు. ఆయన నిర్బంధం తరువాత ఉద్యమానికి నాయకత్వం స్వీకరించి మే నెలలో అరెస్టయిన అబ్బాస్ త్యాబ్జీ అప్పటికి డెబ్బది ఆరేండ్ల వృద్ధుడు. చరిత్ర అధ్యాపకులు ఈ పాఠం చెప్పడానికి ఉప్పు మడి గట్టు కంటె మంచి తరగతి గది దొరకదు.

మధ్యాహ్నానికి గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి తిరుగుతుంది. నేల త్వరగా వేడెక్కడమే దానికి కారణం. ఉష్ణమాపకం వెంట ఉంటే ఒడ్డునా, ఊరిలోనా కొలిచి పోల్చవచ్చు. తెలుగు విద్యార్థులు వలలకు, చేపలకు, గాలులకు పల్లెకారులు వాడే మాటలు సేకరించవచ్చు. ఉర్దూ విద్యార్థులకు ఒక మాట మేమే ఇస్తాము. ఇంగ్లీషువారి ‘మాన్సూన్’కు మూలం అరబ్బీ ‘మౌసిమ్’. అదే మన ‘మౌసమ్’. ఓడలు నడిపినవారి మాట మన ఇండ్లలో వాతావరణానికి పేరైనది. ధర్మవరం నుంచి వచ్చే నేత కుటుంబాల పిల్లలు చీరాల మగ్గాల ముందు ఒక పూట కూర్చుంటే, మాకు తెలియని ప్రశ్నలు వారు అడగగలరు.

నాలుగవది నీటి నియమం. దీనిలో ఎవరికీ మినహాయింపు ఉండరాదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం అలల గురించి వెలువరించే సూచనను ప్రతి ఉదయం చూసి, హెచ్చరిక ఉన్నరోజు ఎవరూ నీళ్లలో దిగరాదు. లేనిరోజు కూడా స్థానిక మత్స్యకారులు చూపిన చోటనే, వారు దగ్గర ఉండగానే, మోకాలి లోతు వరకే దిగాలి. ఇద్దరిద్దరు జతగా ఉండాలి. చీకటిపడిన తరువాత ఒడ్డుకు పోరాదు. మరొక సంగతి ప్రతి విద్యార్థికీ కంఠతా రావాలి. రెండు ప్రక్కలా అలలు విరుగుతూ నడుమ ఒకచోట నీరు నిలకడగా కనిపిస్తే అది క్షేమమైన చోటు కాదు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహం తరచు అక్కడే ఉంటుంది. అందులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదరాదు. చేయెత్తి పిలుస్తూ, ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు ఈది బయటపడాలి.

అయిదవది సొమ్ము. ఏప్రిల్ యాత్రకు మార్చిలో అడిగితే పేదవాడు ఇవ్వలేడు. జూలైలో ప్రకటించి నెలకింత చొప్పున కూడబెట్టిస్తే ఇవ్వగలడు. అప్పటికీ చాలనివారికి యాజమాన్య సంఘం కొంత నిధి కేటాయించాలని మా విన్నపం. ఎవరికి సహాయం అందినదీ తోటి విద్యార్థులకు తెలియనవసరం లేదు. మహిళా అధ్యాపకులతో పాటు ఇద్దరు ముగ్గురు తల్లులను కూడా తోడు రమ్మని ఆహ్వానిస్తే మరింత మంచిది. ఆ తల్లులలో సముద్రం చూసినవారు మాత్రం ఎందరు?

లేపాక్షి చేరువలోనే ఉండగా ఇంత దూరమెందుకని కొందరడుగుతారు. లేపాక్షికి ఏ కుటుంబమైనా ఆదివారం నాడు పోయి రాగలదు. ఒక కుటుంబం తనంతట చేయలేనిదానిని చేసిపెట్టడమే కళాశాల కర్తవ్యం. ఇన్ని నియమాలు పెడితే యాత్రలో ఆనందమేముంటుందని విద్యార్థులు అడుగవచ్చు. బస దొరకక రాత్రి బస్సులో కూర్చోవడం, ఎండవేళ ఒడ్డుకు చేరి ఏమి చేయాలో తోచక ఫోను చూసుకోవడం ఆనందమా? పని ముందే నిశ్చయమైతే మిగిలిన సమయం నిజంగా మీది అవుతుంది. ఇసుకలో గూళ్లు కట్టండి, పాటలు పాడండి, ఎవరూ అడ్డురారు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ కాగితాన్ని మీరే వ్రాయండి. ప్రతి తరగతి నుంచి ఇద్దరు, వారిలో ఒకరు తప్పక విద్యార్థిని, కూర్చొని రైలు వేళలు, బస, ఖర్చు, పూట పూటకు పని లెక్క వేయండి. మేము సరిచూస్తాము. కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. వచ్చే జూలైలో తల్లిదండ్రుల సమావేశం ఏర్పాటు చేసి, ఆ కాగితాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ చదివి వినిపించే అవకాశం ఇప్పించండి. ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబులు విన్న తరువాత కూడా పంపమన్నవారి మాటను మేము గౌరవిస్తాము. కాని వారు మనమనుకొన్నంత మంది ఉండరని మా నమ్మకం.