పని దొరుకుతుంది, పడక దొరకదు

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో పనులు పడితే జోగిపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెల్డర్లు, పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు, టైల్స్ వేసేవాళ్లు బయలుదేరుతారు. వీళ్లలో చాలామందికి కంపెనీ హాజరుపట్టీలో పేరుండదు, పీఎఫ్ ఉండదు. ఫోన్ వస్తే పోతారు, పని ముగిస్తే తిరిగొస్తారు. ఫ్యాక్టరీ షట్‌డౌన్‌లో మరమ్మతులైతే పది పదిహేను రోజులు, షెడ్డుకు రంగులైతే వారం. పని రాత్రి దాకా సాగితే సంగారెడ్డి దాటి 161వ జాతీయ రహదారి మీద జోగిపేట చేరడం, తెల్లారేసరికి మళ్లీ పనిచోట ఉండడం కుదిరేది కాదు. మరి ఆ పది రోజులు ఎక్కడ పడుకోవాలి?

అందోల్, జహీరాబాద్ రెండూ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గాలు. అక్కడి దళితవాడల్లో ఐటీఐ చదివి, లేదా మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని సొంతంగా పనులు పట్టుకుంటున్న యువకులకు ఇది చిన్న ప్రశ్న కాదు. ఊళ్లో వెట్టి నుంచి, దొర పొలం నుంచి బయటపడ్డ కుటుంబాలకు చేతిపనితో వచ్చిన స్వతంత్రం ఎంత కాలం నిలుస్తుందో ఆ పది రాత్రులే తేలుస్తున్నాయి.

ఉన్న దారులు మూడే. మొదటిది లాడ్జి. రోడ్డు పక్క లాడ్జిలో కులం అడగరు, ఆధార్, అడ్వాన్సు అడుగుతారు. ఒక లెక్క వేసి చూద్దాం. రోజుకు 900 రూపాయల గిట్టుబాటు ఉన్న పెయింటర్ 500 రూపాయలు గదికి పెట్టి, తిండికి 200 పెడితే ఇంటికి పంపడానికి మిగిలేది 200. ఇద్దరు ముగ్గురు కలిసి దిగితే కొంత నయం. కానీ ఒంటరిగా పని పట్టుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు.

రెండోది ఇస్నాపూర్, రుద్రారం, ముత్తంగి లాంటి చోట్ల ఇళ్ల వెనకో, మేడ మీదో కిరాయికిచ్చే అర్ర. అన్నింటికన్నా చౌక ఇదే. అయితే ఇక్కడ మొదట వచ్చే ప్రశ్న 'మీరు ఏమిటోళ్లు?'. సూటిగా అడగనివాళ్లు ఇంటిపేరు అడుగుతారు, ఊళ్లో మీ ఇల్లు ఏ దిక్కున అని అడుగుతారు, కూర ఏం వండుకుంటారని అడుగుతారు. జవాబు నచ్చకపోతే 'ఖాళీ లేదు', 'ఫ్యామిలీలకే ఇస్తాం', 'నెలల లెక్కనే ఇస్తాం' అన్న మాటలు సిద్ధంగా ఉంటాయి. అందరు యజమానులూ ఇలాగే ఉంటారని అనడం లేదు. కానీ తెలియని ఊళ్లో, సంచీ భుజాన వేసుకుని, చీకటి పడ్డాక నాలుగు గడపలు ఎక్కి దిగేవాడికి రెండు గడపల్లో ఈ ప్రశ్న ఎదురైనా చాలు, ఆ రాత్రి లాడ్జి ఖర్చు మీద పడ్డట్టే.

అంటే డబ్బు ఎక్కువ అడిగే చోట కులం అడగరు, డబ్బు తక్కువ అడిగే చోట కులం అడుగుతారు. ఒకే పని, ఒకే కూలి అయినా చౌక గది తలుపు తెరుచుకునేవాడికీ తెరుచుకోనివాడికీ చేతిలో మిగిలేది వేరు. ఆ తేడా కులం వసూలు చేసే కిరాయి.

ఇది సంగారెడ్డి జిల్లాకే పరిమితం కాదు. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో ఫోన్ చేసి, నేరుగా వెళ్లి అద్దె ఇల్లు అడిగి చూసింది. అగ్రకులాలవారికి దాదాపు ప్రతి చోటా అవునన్న జవాబు వస్తే, దళితులను, అంతకన్నా ఎక్కువగా ముస్లింలను, తిప్పి పంపారు. 2015లో ప్రచురించిన ఆ అధ్యయనం నెలల తరబడి ఉండే అద్దె ఇళ్ల గురించి. నాలుగు రోజుల గది గురించి లెక్కలు తీసినవాళ్లు ఎవరూ కనబడరు.

మూడో దారి కాంట్రాక్టర్ వేసిన రేకుల షెడ్డు. కిరాయి ఉండదు. కానీ షెడ్డులో పడుకున్నవాడు రాత్రి పదింటికి పిలిచినా లేవాలి. రేటు గురించి గట్టిగా మాట్లాడితే చాప చుట్టుకోవాల్సి వస్తుంది. బిల్లు ఆలస్యమైనా పక్క సైటుకు పోలేడు, ఎందుకంటే పక్క సైటు దగ్గర పడక లేదు. సొంతంగా పని పట్టుకోవాలని వచ్చినవాడు పడక కోసం మళ్లీ ఒకరి చేతికింద మనిషి అవుతున్నాడు.

పని మీద వచ్చిన దళితుడు గది కోసం పేరు దాచాల్సిన పరిస్థితి మనకు కొత్త కాదు. 1917లో విదేశీ చదువు నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లిన అంబేద్కర్‌కు ఏ హిందూ హోటలూ చోటివ్వదని తెలుసు. పార్శీ పేరుతో పార్శీల సత్రంలో దిగారు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి ఖాళీ చేయమంది. నగరంలో తలదాచుకునే చోటు దొరక్క తోటలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి తిరిగిపోయారు. కొలంబియా చదువు, మహారాజు కొలువు రెండూ ఉన్న మనిషి ఉద్యోగం పోయింది పని చేతగాక కాదు, గది లేక. 'వెయిటింగ్ ఫర్ ఏ వీసా'లో ఆయన ఈ సంగతి రాసుకున్నారు.

ఆ తర్వాత వచ్చిన చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. రాజ్యాంగం 15(2) అధికరణ హోటళ్లలో కులం పేరుతో అడ్డుకోవడాన్ని నిషేధించింది. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం 'హోటల్' అన్న మాటలోకి లాడ్జింగ్, బోర్డింగ్ ఇళ్లను చేర్చింది. అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాస గృహంలో ఉండనీయకపోవడం కూడా 4వ సెక్షన్ కింద నేరమే. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా. బాధితుడు ఎస్సీ అయితే ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు మొదట భావించాలని, కాదని నిరూపించుకోవడం నిందితుడి బాధ్యతని 12వ సెక్షన్ చెబుతోంది. ఇంత బలమైన సెక్షన్ ఉన్నా 'ఖాళీ లేదు' అన్న ఒక్క మాట ముందు అది నిలవడం లేదు. నాలుగు రోజుల పనికొచ్చినవాడు పని వదిలేసి పోలీసు స్టేషన్ చుట్టూ తిరగలేడని గది ఇవ్వనివాడికి బాగా తెలుసు.

కార్మిక చట్టాలు చూద్దాం. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వలస కార్మికుడంటే వాటి లెక్కలో వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఒక సంస్థలో పనిచేసేవాడు. బీహార్, ఒడిశా కార్మికులకైనా ఆ రక్షణ కాగితం దాటి ఎంత అందుతుందన్నది వేరే పోరాటం. జోగిపేట నుంచి పటాన్‌చెరు వచ్చినవాడు మాత్రం ఆ నిర్వచనంలోకే రాడు, రాష్ట్రం దాటలేదు కాబట్టి. సొంతంగా పని పట్టుకుంటాడు కాబట్టి యజమాని ఎవరన్న ప్రశ్న దగ్గరా జారిపోతాడు.

పన్నుల తీరూ ఇంతే. రోజుకు వెయ్యి రూపాయల లోపు హోటల్ గదికి ఉన్న జీఎస్టీ మినహాయింపును 2022 జూలైలో ఎత్తేసి 12 శాతం వేశారు. 2025 సెప్టెంబర్‌లో దాన్ని 5 శాతానికి తగ్గించారు. నెలకు 20 వేల లోపు హాస్టల్ వసతికి 2024లో మినహాయింపు ఇచ్చారు గానీ, కనీసం 90 రోజులు ఏకధాటిగా ఉండాలి. చిన్న లాడ్జీలు చాలా వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిధిలోకే రాకపోవచ్చు. కానీ విధానం ఎవరిని చూస్తోందో, ఎవరిని చూడడం లేదో దీన్ని బట్టి అర్థమవుతుంది. మూడు నెలలు ఉండేవాడు కనబడ్డాడు, మూడు రోజులు ఉండేవాడు కనబడలేదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకంతో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. వంటపనికో, క్యాటరింగ్‌కో, కుట్టుపనికో దూరం పోవడానికి అది నిజమైన ఆసరా. కానీ చివరి బస్సు పోయాక ఆ ఆసరా ఆగిపోతుంది. ఒంటరి ఆడమనిషికి ఒక్క రాత్రికి గది ఇవ్వడానికి లాడ్జి కౌంటర్ దగ్గరే సవాలక్ష ప్రశ్నలు. అందులో దళిత స్త్రీ అయితే అనుమానానికి కులం తోడవుతుంది. అందుకే చాలామంది సాయంత్రం దాటే పనులు ఒప్పుకోరు. ఎక్కువ కూలి వచ్చేది ఆ పనులకే.

చేయగలిగినవి ఉన్నాయి, అవి గొంతెమ్మ కోరికలేమీ కావు. పరిశ్రమలకు ఎకరాల కొద్దీ భూమి కేటాయించే టీజీఐఐసీ, ప్రతి పారిశ్రామికవాడలో రోజు లెక్కన మంచం ఇచ్చే వసతి గృహానికి కొంత జాగా వదలాలి. 2020లో కేంద్రం ప్రకటించిన చౌక అద్దె గృహాల పథకం పట్టణ వలస కార్మికుల కోసమే పుట్టింది. ఆ ఆలోచనను నెలల కిరాయితో ఆపకుండా రోజుల కిరాయికీ తేవాలి. ఆడవాళ్లకు విడిగా, బస్టాండుకు దగ్గరలో ఉండాలి. షట్‌డౌన్ పనులు ఇచ్చే కంపెనీలు వర్క్ ఆర్డర్‌లోనే రాత్రి వసతి ఖర్చును విడిగా చూపాలి. అప్పుడే అది కాంట్రాక్టర్ దయ కాకుండా పనివాడి హక్కు అవుతుంది.

చట్టం అమలుకు వేదికలు ఇప్పటికే ఉన్నాయి. అట్రాసిటీ నిబంధనల ప్రకారం జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. నెల చివర ఊళ్లలో పౌర హక్కుల దినం జరుపుతారు. అక్కడ రెండు గ్లాసుల గురించి, గుడి ప్రవేశం గురించి మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. ఇకపై ఇస్నాపూర్‌లో, రుద్రారంలో కిరాయి అర్రల గురించి కూడా అడగాలి. గది కోసం తిరిగి భంగపడ్డవాళ్ల వివరాలను దళిత సంఘాలు తేదీతో, చోటుతో రాసి ఆ కమిటీ ముందు పెట్టాలి. ఒక్కొక్కరిగా ఫిర్యాదు చేయలేనివాళ్ల తరఫున ఆ పని చేయాల్సింది సంఘాలే.