పిడికిలి బిగించిన బొమ్మ

యుద్ధకాలపు మహిళా కార్మికులకు ప్రతీకగా నిలిచిన పోస్టర్ వారి గురించి చెప్పేది తక్కువే

ఎర్రటి తలగుడ్డ మీద తెల్ల చుక్కలు. నీలి చొక్కా చేతిని పైకి మడిచి పిడికిలి బిగించిన యువతి. టీషర్టుల నుంచి మహిళా దినోత్సవ ప్లకార్డుల దాకా కనిపించే ఈ బొమ్మే రెండో ప్రపంచ యుద్ధ సమయంలో అమెరికా మహిళలను ఫ్యాక్టరీలకు రప్పించిందని చాలామంది నమ్మకం. వాస్తవం వేరు.

జె. హోవార్డ్ మిల్లర్ దాన్ని వెస్టింగ్‌హౌస్ కంపెనీ కోసం గీశారు. 1943 ఫిబ్రవరిలో రెండు వారాలు ఆ కంపెనీ ప్లాంట్ల గోడల మీద ఉంది. తర్వాత దించేశారు. బయటివాళ్లు దాన్ని చూసిందే లేదు. అప్పటికే పనిలో ఉన్నవారు నాగా పెట్టకుండా ఉత్పత్తి పెంచాలన్నదే యాజమాన్యం కోరిక. అదే వరుసలోని మరో పోస్టర్ సందేహాలుంటే సూపర్‌వైజర్‌ను అడగమంటుంది. ధిక్కారానికి గుర్తుగా ఇప్పుడు చలామణీ అవుతున్న బొమ్మ బుద్ధిగా పనిచేయమని చెప్పడానికి పుట్టిందన్నమాట.

'రోజీ ద రివెటర్' అన్న పేరు కూడా దానిది కాదు. అది ఒక పాటలోంచి వచ్చింది. ఆ రోజుల్లో జనం ఎరిగిన రోజీ నార్మన్ రాక్‌వెల్ గీసిన మనిషి. 1943 మే 29 నాటి శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ ముఖచిత్రంపై ఒళ్లో రివెట్ గన్, చేతిలో శాండ్‌విచ్, కాలికింద హిట్లర్ పుస్తకంతో కూర్చున్న దృఢకాయురాలు. మిల్లర్ యువతికి లిప్‌స్టిక్ ఉంది, రాక్‌వెల్ రోజీ చేతులకు మసి ఉంది. 1980లలో మహిళా ఉద్యమం నేపథ్యంలో జనాదరణ పొందింది మాత్రం మొదటిదే.

పోస్టర్‌లో కనిపించనివి ఇంకా ఉన్నాయి. 1943 నాటికి అమెరికా విమాన పరిశ్రమలో 3 లక్షలకు పైగా మహిళలు పనిచేస్తున్నారు. వాళ్లలో చాలామంది కొత్తగా గడప దాటిన గృహిణులు కాదు, తక్కువ జీతాల ఉద్యోగాలు వదిలి వచ్చినవాళ్లు. మంచి ఫ్యాక్టరీల గేటు దాటడానికే నల్లజాతి మహిళలు పోరాడాల్సి వచ్చింది. ఒకే పనికి వేతనం మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి. ప్రభుత్వ నిధులతో నడిచిన శిశు సంరక్షణ కేంద్రాలు యుద్ధం ముగియగానే మూతపడ్డాయి. మహిళా బ్యూరో సర్వేలో దాదాపు 75 శాతం మంది ఉద్యోగంలో కొనసాగుతామన్నారు. వాళ్లను అడిగి ఇంటికి పంపలేదు.

ఆ బొమ్మకు మూలమని భావించే ఫొటోలోని వ్యక్తికి సైతం అన్యాయమే జరిగింది. కాలిఫోర్నియాలోని అలమెడా నౌకాదళ స్థావరంలో 1942లో లేత్ మిషన్ ముందు నిలబడ్డ నయోమీ పార్కర్ స్థానంలో, మిషిగన్‌కు చెందిన జెరాల్డిన్ డాయిల్ పేరు దశాబ్దాల పాటు వాడుకలో ఉంది. ఆ ఫొటోలో ఉన్నది తానేనని డాయిల్ నిజంగానే నమ్మారు. జేమ్స్ కింబల్ అనే పరిశోధకుడు అసలు ఫొటో వెనక శీర్షికను వెతికి పట్టుకుని 2016లో సంగతి తేల్చారు. నయోమీ 2018 జనవరిలో 96వ ఏట చనిపోయారు. మిల్లర్ ఆ ఫొటో చూసే గీశారనడానికి మాత్రం ఇప్పటికీ రుజువు లేదు.

అదే 1943లో, అదే యుద్ధం కోసం, బెంగాల్, బీహార్, మధ్య పరగణాల బొగ్గు గనుల్లోకి భారతీయ మహిళలు దిగారు. వాళ్లకు ఏ పోస్టరూ లేదు. గని లోపల మహిళల పనిపై 1937లో అమలులోకి వచ్చిన నిషేధాన్ని బొగ్గు కొరత పేరిట బ్రిటిష్ ప్రభుత్వం ఎత్తేసింది. ఎక్కువ కూలి దొరికే సైనిక నిర్మాణ పనులకు మగవాళ్లు తరలిపోవడమే ఆ కొరతకు ఒక ముఖ్య కారణం. అప్పటి కార్మిక శాఖ సభ్యుడు బి.ఆర్. అంబేద్కర్ 1944లో కేంద్ర శాసనసభలో విమర్శలకు బదులిస్తూ ఇది అత్యవసర చర్య మాత్రమేనన్నారు. మహిళలకు మగవారితో సమాన వేతనమన్న షరతునూ గుర్తుచేశారు. కాగితం మీదైనా అది అమెరికా ఫ్యాక్టరీల్లో చాలావాటి కంటే ముందడుగే. 1946 ఫిబ్రవరి 1న నిషేధం తిరిగొచ్చింది. భూగర్భ గనుల్లో పనికి మహిళలకు మళ్లీ అనుమతి దొరికింది 2019లో. అదీ సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ ఉద్యోగాలకు, వారి రాతపూర్వక సమ్మతితో, పగటి వేళల్లో మాత్రమే.