పైకి కాదు, వెనక్కి

పోయిన నెల మా అక్క కొడుకూ నేనూ ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వెళ్ళాం. అక్కడ సముద్రం అడుగున 'కథెడ్రల్' అనే గుహ ఉంది. మొదటిసారి అలాంటి గుహకు వెళ్ళేవాళ్ళకు ఏం ఎదురవుతుందో ఈసారి చెబుతాను.

ఆ గుహ అడుగు దాదాపు 30 మీటర్ల లోతులో ఉంటుంది. డైవింగ్‌లో తొలి కోర్సు 18 మీటర్ల దాకానే పనికివస్తుంది. కాబట్టి దాని తర్వాతి కోర్సు కూడా చేసి ఉండాలి. గైడ్ లేకుండా వెళ్ళకూడదు.

మామూలు డైవింగ్‌లో ఇబ్బంది వస్తే మెల్లగా పైకి వస్తాం. గుహలో తలపైన రాయి ఉంటుంది. ముందు వెనక్కి రావాలి, ఆ తర్వాతే పైకి. అందుకే గాలిని మూడు భాగాలుగా లెక్కపెట్టుకోవాలి: ఒకటి వెళ్ళడానికి, ఒకటి తిరిగి రావడానికి, ఒకటి ఆపదకు. సిలిండర్‌లో 200 బార్ ఉంటే, 135కు రాగానే వెనక్కి తిరగాలి. 30 మీటర్ల లోతులో ఒత్తిడి పైనకంటే నాలుగు రెట్లు ఉంటుంది. గాలి కూడా అంత త్వరగా అయిపోతుంది.

లోపల కాళ్ళు నేలకు తగలనివ్వకండి. మట్టి లేస్తే దారి కనబడదు. బయటి వెలుతురు కనిపించేంత దూరమే వెళ్ళండి. కథెడ్రల్‌లో ఆ వెలుతురు పైనున్న పగులులోంచి నీలంగా దిగుతుంది.

నేను దాన్ని గుమ్మం నుంచే చూశాను. అప్పుడే మావాడు బొటనవేలు పైకెత్తాడు. నేలమీద దానికి 'బాగుంది' అని అర్థం. నీటిలో 'ఇక చాలు, పైకి పోదాం' అని అర్థం. గైడ్ ఎందుకని అడగలేదు. ఒకరు వేలెత్తితే అందరూ తిరగాల్సిందే. నాకు మాత్రం లోలోపల కోపం వచ్చింది. ఇంత డబ్బు పెట్టి, గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోవడమా!

పడవెక్కాక వాడు తల దించుకున్నాడు. "పిన్నీ, నీ డైవ్ పాడుచేశాను. గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు" అన్నాడు.

నా కోపం పోయింది. సిగ్గుపడి వాడు వేలెత్తకుండా ఉంటే? ఈరోజు నేను విసుక్కుంటే, రేపు నిజంగా ఆపద వచ్చినప్పుడు వాడు వేలెత్తుతాడా? "మంచి పని చేశావు నాన్నా" అన్నాను.

గుహ ఎక్కడికీ పోదు. మళ్ళీ వెళ్తాం.

ఈ నెల మాటలు
గుమ్మం: ఇంట్లోకైనా గుహలోకైనా అడుగుపెట్టే చోటు.
పగులు: రాయి లేదా గోడ చీలిన చోటు.
దడ: భయంతో గుండె వేగంగా కొట్టుకోవడం.

మీ పని: పైకి, వెనక్కి, లోపలికి. ఈ మూడు మాటలతో మూడు వాక్యాలు రాసి, ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.